కింగ్స్ లిన్: సముద్రం కనిపించని ఓడరేవు ఎలా పెరిగింది, ఎందుకు తగ్గింది

ఇంగ్లండ్ ఓడరేవులు అంటే మనవాళ్లకు లండన్, లివర్‌పూల్, బ్రిస్టల్ గుర్తొస్తాయి. కింగ్స్ లిన్ పేరు విన్నవాళ్లు తక్కువ. కేంబ్రిడ్జ్‌లో రైలెక్కి ఉత్తరానికి వెళ్తే గంట లోపే వచ్చే చివరి స్టేషన్ అది. నార్ఫోక్ కౌంటీలో, గ్రేట్ ఊజ్ అనే నది ఒడ్డున ఉంది. అక్కడివాళ్లు మాత్రం ఉత్త ‘లిన్’ అనే అంటారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట అది ఆ దేశపు పెద్ద రేవుల్లో ఒకటి.

ఈ ఊరి గురించి చదవడం మొదలుపెట్టిన ఎవరికైనా కాసేపట్లోనే తికమక మొదలవుతుంది. ఇది ఓడరేవు, కానీ ఊళ్లో నిలబడితే సముద్రం కనిపించదు. ఊరు ఒకటే, సంత మైదానాలు రెండు. పేరులో రాజు ఉన్నాడు, కానీ ఊరిని పెట్టింది రాజు కాదు. అన్నిటికంటే చిక్కు ప్రశ్న, అంత పెద్ద రేవు ఎందుకు చిన్నదైంది? నది పూడిపోవడం వల్ల అని ఒకరంటారు. అమెరికా వ్యాపారం పడమటి రేవులకు పోవడం వల్ల అని ఇంకొకరు, రైలు వల్ల అని మరొకరు. మూడింట్లోనూ నిజం ఉంది. ఏది ఎప్పుడు, ఎంతవరకు నిజమో విడదీసి చూస్తేనే లిన్ అర్థమవుతుంది. దానికి సముద్రం వైపు కంటే నది పైకి, దేశం లోపలికి ఎక్కువ చూడాలని నా అభిప్రాయం.

నదీ రేవు అంటే ఏమిటి

సముద్రపు రేవులో ఓడ నేరుగా ఒడ్డుకు వస్తుంది. నదీ రేవులో ఓడ నది ముఖంలోంచి లోపలికి ప్రయాణించి, ఇంక పెద్ద ఓడ ముందుకు పోలేని చోట ఆగుతుంది. అక్కడ సరుకు దించి చిన్న పడవల్లోకి ఎక్కిస్తారు. ఆ పడవలు నది పైకి పోతాయి. పైనుంచి వచ్చిన ధాన్యం, ఉన్ని పెద్ద ఓడలోకి ఎక్కుతాయి. అంటే నదీ రేవు అసలు పని సరుకు చేతులు మారడం. చేతులు మారే ప్రతిచోటా గోదాములు, కూలీలు, లెక్కలు రాసేవాళ్లు, సుంకం వసూలు చేసేవాళ్లు, అప్పులిచ్చేవాళ్లు పోగవుతారు. ఊరు అలా పెరుగుతుంది.

రేవు వెనక ఉండి దానికి సరుకు పంపే, దాని నుంచి సరుకు కొనే ప్రాంతాన్ని భూగోళ పాఠాల్లో పృష్ఠభూమి అంటారు. ఈ వ్యాసంలో దాన్ని ‘వెనకటి ప్రాంతం’ అనుకుందాం. రేవు ఎంత పెద్దదవుతుందో నిర్ణయించేది చాలావరకు అదే.

గ్రేట్ ఊజ్ పొడవు సుమారు 230 కిలోమీటర్లు. ఇంగ్లండ్ తూర్పు తీరంలో ‘వాష్’ అనే పెద్ద, లోతు తక్కువ అఖాతం ఉంది. ఊజ్ వెళ్లి అందులోనే కలుస్తుంది. లిన్ ఆ అఖాతానికి నాలుగైదు కిలోమీటర్ల లోపల, నది తూర్పు ఒడ్డున ఉంది. అందుకే సముద్రం కనిపించదు. కానీ సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు ఊరి దాకా వస్తుంది, ఊరు దాటి పైకి కూడా పోతుంది.

పన్నెండు అక్షరాల గడియారం

పోటు, ఆటు మన కోస్తా జిల్లాల్లో పుట్టినవాళ్లకు కొత్త కాదు. కానీ లిన్‌లో ఆ తేడా చాలా ఎక్కువ. అమావాస్య, పున్నమి రోజుల్లో నీటిమట్టం ఆటుకూ పోటుకూ మధ్య ఆరు మీటర్ల దాకా మారుతుంది. రెండంతస్తుల ఇంటి ఎత్తు నీళ్లు ఆరు గంటల్లో వచ్చి, మరో ఆరు గంటల్లో పోతాయన్నమాట. ఆటు సమయంలో నదిలో బురద గట్లు తేలతాయి. పోటు మీద వచ్చిన ఓడే రేవు చేరుతుంది. ఆ పోటు తప్పిపోతే బయట వాష్‌లో లంగరు వేసుకుని తర్వాతి పోటు దాకా ఆగాల్సిందే. వాష్‌లో ఇసుక మేటలు ఎక్కువ కాబట్టి ఓడ నడిపేవాళ్లకు ఎప్పుడూ టెన్షనే.

ఒక లెక్క చూద్దాం. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. సోమవారం ఉదయం 6 గంటలకు పోటు వస్తే, మంగళవారం 6:50కి, బుధవారం 7:40కి వస్తుంది. మరుసటి సోమవారానికి అది మధ్యాహ్నం పన్నెండు దగ్గరికి చేరుతుంది. రేవులో పనిచేసే కూలీకి, పడవవాడికి, సుంకం గుమాస్తాకు సూర్యుడి సమయం కంటే చంద్రుడి సమయమే ముఖ్యం. అర్ధరాత్రి పోటు వస్తే అర్ధరాత్రే పని.

ఈ లెక్కను లిన్‌వాళ్లు గుడి గోడ మీదే పెట్టుకున్నారు. సెయింట్ మార్గరెట్ చర్చి బురుజు మీద చంద్రుడి దశలు చూపే గడియారం ఉంది. మొదటిది 17వ శతాబ్దం చివర్లో థామస్ టూ అనే గడియారాల పనివాడు చేశాడు. ఆ ముఖం మీద అంకెలు ఉండవు. చుట్టూ పన్నెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. వరుసగా చదివితే ‘లిన్ హై టైడ్’ అని వస్తుంది. ముల్లుకు బదులు ఒక ఆకుపచ్చ డ్రాగన్ నాలుక ఆ అక్షరాల మీద తిరుగుతూ పోటు సమయం చెబుతుంది. వీధిలో పోయే ఎవరైనా తలెత్తి చూసి, ఓడలు ఎప్పుడు కదులుతాయో తెలుసుకునే వీలు. ఒక రేవు పట్టణం దేన్ని చూసుకుని బతికిందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

ఉప్పు దిబ్బలు, ఇద్దరు బిషప్పులు, రెండు సంతలు

మొదట ఇక్కడ ఉన్నది ఉప్పు పని. పోటు నీళ్లు ముంచే బురద నేలల్లోంచి ఉప్పు తీసేవారు. ఉప్పు తీయగా మిగిలిన ఇసుక, మట్టి పోగులుపడి దిబ్బలయ్యాయి. ఆ చిత్తడిలో ఇల్లు కట్టుకోవడానికి కాస్త ఎత్తైన నేల అవే. 11వ శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో నార్విచ్ బిషప్ హెర్బర్ట్ డి లొసింగా ఇక్కడ సెయింట్ మార్గరెట్ చర్చికి పునాది వేయించాడు. దాని పక్కన శనివారం సంత సాగింది. 12వ శతాబ్దం మధ్యలో ఇంకో బిషప్, విలియం టర్బ్, ఉత్తరాన కొత్త పేట వేయించాడు. దానికి మంగళవారం సంత, సెయింట్ నికొలస్ చాపెల్. ఆ రెండు మైదానాల పేర్లు నేటికీ ‘సాటర్‌డే మార్కెట్ ప్లేస్’, ‘ట్యూస్‌డే మార్కెట్ ప్లేస్’. అదీ రెండు సంతల సంగతి.

ఊరు బిషప్పుది కాబట్టి అప్పటి పేరు ‘బిషప్స్ లిన్’. 1204లో జాన్ రాజు చార్టర్ ఇచ్చాడు. చార్టర్ అంటే ఊరికి కొన్ని హక్కులు రాసిచ్చిన రాజపత్రం. వర్తకులు తమ సంఘాలు పెట్టుకోవచ్చు, ఊరి వ్యవహారాలు కొన్ని తామే చూసుకోవచ్చు. అయితే బిషప్ పెత్తనం పూర్తిగా పోలేదు. 1537లో ఎనిమిదో హెన్రీ చర్చి ఆస్తుల్ని స్వాధీనం చేసుకుంటున్న కాలంలో ఊరు రాజు చేతికి వచ్చి ‘కింగ్స్ లిన్’ అయింది. ఊరి ఖజానాలో ‘జాన్ రాజు పాత్ర’ అని ఎనామెల్ చేసిన అందమైన పాత్ర ఒకటుంది. అది 14వ శతాబ్దపు పని. జాన్ రాజు 1216లోనే చనిపోయాడు. ఆ పేరు తర్వాతివాళ్లు పెట్టిందే.

నది దారి మారింది, ఊరి దశ తిరిగింది

13వ శతాబ్దంలో జరిగిన మార్పు లిన్ చరిత్రకు కీలకం. అంతకుముందు గ్రేట్ ఊజ్ నీటిలో ఎక్కువ భాగం పడమరన విస్‌బీచ్ మీదుగా సముద్రంలోకి పోయేది. అక్కడి నదీముఖం మేట వేసింది. ఆ నీళ్లు లిన్ వైపు మళ్లాయి. నీళ్లతో పాటు దారి కూడా వచ్చింది. కేంబ్రిడ్జ్, ఈలీ, హంటింగ్డన్, బెడ్‌ఫర్డ్, బరీ సెయింట్ ఎడ్మండ్స్, థెట్‌ఫర్డ్ లాంటి ఊళ్లకు ఊజ్, దాని ఉపనదుల మీదుగా పడవలో పోయే దారులన్నీ లిన్ దగ్గరే కలిశాయి. మధ్య ఇంగ్లండ్‌లోని పొలాల ధాన్యం, ఉన్ని ఇటు దిగాయి. గాస్కొనీ ద్రాక్షసారా, నార్వే ఎండుచేపలు, బాల్టిక్ కలప, మైనం, బొచ్చుతోళ్లు అటు ఎక్కాయి. కేంబ్రిడ్జ్ పక్కన ఏటా జరిగే స్టర్‌బ్రిడ్జ్ తిరునాళ్లకు సరుకు చాలావరకు ఈ దారినే చేరేది.

నది మీద రవాణాకు అంత విలువ ఎందుకో ఇలా లెక్కేసి చూడొచ్చు. 18, 19 శతాబ్దాల్లో ఈ నదుల మీద నడిచిన బల్లకట్టు పడవల్ని అయిదింటిని వరసగా కట్టి లాగేవారు. ఒక్కో దానిలో తక్కువలో తక్కువ 20 టన్నులు వేసుకున్నా వరస మొత్తం 100 టన్నులు. ఒక గుర్రం వీపు మీద మోసేది సుమారు 100 కిలోలు. అంటే ఆ ఒక్క పడవల వరసలో సరుకు వీపుల మీద వేయాలంటే వెయ్యి గుర్రాలు కావాలి. టన్ను బరువు మోసే బండ్లయితే 100 బండ్లు, వాటికి రెండు వందల గుర్రాలు, వంద మంది తోలేవాళ్లు, బురద రోడ్లు. పడవల వరసను లాగడానికి మాత్రం ఒకటి రెండు గుర్రాలు చాలు.

ఆ గుర్రాల గురించి ఒక మాట. నది గట్టు వెంట దారి రకరకాల రైతుల పొలాల మీదుగా పోయేది. పశువులు దాటకుండా రైతులు గట్టుకు అడ్డంగా కర్ర కంచెలు కట్టేవారు. ప్రతి కంచె దగ్గరా ఆగితే పడవ నడక చెడుతుంది. అందుకని లాగుడు గుర్రాలకు, మోకు కట్టి ఉండగానే, ఆ కంచెల మీంచి దూకడం నేర్పేవారు. గట్టు మీది దారి అవతలి ఒడ్డుకు మారిన చోట గుర్రాన్ని వెనకే వచ్చే చిన్న పడవలోకి ఎక్కించి దాటించేవారు. లిన్ వ్యాపారం మొత్తం ఇలాంటి గుర్రాల మీద, వాటిని నడిపిన కుర్రాళ్ల మీద ఆధారపడిందని పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది.

651 పౌండ్లు ఏం చెబుతున్నాయి

లిన్ నిజంగా అంత పెద్ద రేవా? ఒక పాత పన్ను లెక్క ఉంది. 1203–05 మధ్య జాన్ రాజు విదేశీ వ్యాపారపు సరుకు మీద పదిహేనో వంతు పన్ను వేశాడు. లండన్ నుంచి 836 పౌండ్లు వచ్చాయి, బోస్టన్ నుంచి 780 (ఇది ఇంగ్లండ్ బోస్టన్, లిన్‌కు ఎదురుగా వాష్ అవతలి ఒడ్డున ఉంటుంది), సౌతాంప్టన్ నుంచి 712, లింకన్ నుంచి 656, లిన్ నుంచి 651.

పదిహేనో వంతు 651 అయితే పన్ను పడ్డ సరుకు విలువ 651 × 15, అంటే 9,765 పౌండ్లు. లండన్‌ది 12,540. లిన్ వ్యాపారం లండన్ వ్యాపారంలో నూటికి 78 వంతులన్నమాట. ఈ రోజు ఈ రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే నమ్మబుద్ధి కాదు.

అయితే ఈ అంకెల్ని జాగ్రత్తగా చదవాలి. అది ఒక్క పన్ను తాలూకు లెక్క, దేశంలోని అన్ని రేవులూ అందులో లేవు. బ్రిస్టల్ కనిపించదు. దొంగచాటుగా దాటిన సరుకు ఎలాగూ ఏ లెక్కకూ ఎక్కదు. కాబట్టి ‘లిన్ దేశంలో అయిదో రేవు’ అని గట్టిగా చెప్పడం సరికాదు. ‘అగ్రశ్రేణి రేవుల్లో ఒకటి’ అనడం వరకు ఈ సాక్ష్యం సరిపోతుంది.

హాన్స్ వర్తకులు ఎవరు

లిన్‌కు వెళ్లినవాళ్లందరికీ కనిపించే పేరు ‘హాన్స్’. లూబెక్, హాంబర్గ్, బ్రెమెన్, డాన్‌జిగ్ లాంటి ఉత్తర జర్మనీ, బాల్టిక్ పట్టణాల వర్తకులు కలిసి కట్టుకున్న కూటమి అది. దానికి రాజు లేడు, దేశం లేదు. కానీ కొన్ని వందల ఏళ్లు ఉత్తర సముద్రపు వ్యాపారంలో దాని మాటే చెల్లింది. ఇంగ్లండ్‌తో జరిగిన సముద్ర యుద్ధం 1474లో యుట్రెక్ట్ ఒప్పందంతో ముగిసింది. దాని ప్రకారం లండన్, బోస్టన్, లిన్‌లలో హాన్స్‌కు సొంత స్థావరాలు దక్కాయి. లిన్‌లో 1475 ప్రాంతంలో సెయింట్ మార్గరెట్ చర్చికి ఎదురుగా, నదికి ఆనుకుని గోదాములు కట్టుకున్నారు. లండన్ స్థావరం ఉన్న చోట ఇప్పుడు కానన్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ ఉంది. బోస్టన్‌ది మిగల్లేదు. ఇంగ్లండ్‌లో నిలిచి ఉన్న హాన్స్ కట్టడం లిన్‌ది ఒక్కటే. 1751 దాకా అది జర్మన్ పట్టణాల సొత్తుగానే ఉండి, ఆ ఏడు అమ్ముడుపోయింది.

సంబంధం ఒప్పందాలతో ఆగలేదు. లిన్ యువకులు బాల్టిక్ రేవుల్లో ఏళ్ల తరబడి ఉండి వ్యాపారం చేశారు, అక్కడి అమ్మాయిల్ని పెళ్లి చేసుకున్నారు. ఆ ఇళ్లలో ఒకటి మనకు బాగా తెలుసు.

మార్జరీ ఇంటి సంగతులు

మార్జరీ కెంప్ సుమారు 1373లో లిన్‌లో పుట్టింది. తండ్రి జాన్ బ్రున్హమ్ అయిదుసార్లు మేయర్. మార్జరీకి చదవడం, రాయడం రాదు. ముసలితనంలో తన జీవితాన్ని చెప్పి ఇతరుల చేత రాయించింది. ఆ రాతప్రతి శతాబ్దాల పాటు ఎవరి కంటా పడకుండా ఉండి 1934లో బయటపడింది. ఆమె ఉద్దేశం తన దైవభక్తిని చెప్పడమే. కానీ మధ్యమధ్యలో రేవు పట్టణపు ఇల్లు తలుపు తెరుచుకుంటుంది.

పెళ్లయ్యాక ఆమె ఏల్ అనే బీరు కాచే వ్యాపారం పెట్టింది. మూడు నాలుగేళ్లు ఊళ్లో పెద్ద తయారీదార్లలో ఒకతె అనిపించుకుంది. తర్వాత ఏమైందో, పీపాల్లో నురగ బాగా పొంగినట్టే పొంగి చప్పున దిగిపోయేది. ఒక కాపు తర్వాత ఒకటి పాడైంది. పనివాళ్లు సిగ్గుపడి మానేశారు. ఆమె గుర్రాలు తిప్పే పిండిమర పెట్టింది. రెండు మంచి గుర్రాలు, ఒక మనిషి. ఒక రోజు గుర్రం ముందుకు కదలనంది. కొట్టినా, బుజ్జగించినా వెనక్కే పోయింది. రెండో గుర్రమూ అంతే. మనిషి పని మానేశాడు. ఇక ఆమెకు పని చేయడానికి ఊళ్లో ఎవరూ రాలేదు. మేయర్ కూతురికి శాపం తగిలిందని ఊరు చెవులు కొరుక్కుంది.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ రోజుల్లో ఒక పెళ్లైన స్త్రీ సొంత పెట్టుబడితో రెండు వ్యాపారాలు పెట్టగలగడం, అవి పోతే ఊరంతటికీ తెలియడం. 1421లో లిన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ట్రినిటీ గిల్డ్ హాలు కాలిపోయింది. గిల్డ్ అంటే వర్తకుల సంఘం. వ్యాపారంలో దన్నుగా నిలవడం, చనిపోయిన సభ్యుల కోసం ప్రార్థనలు చేయించడం దాని పనుల్లో ఉండేవి. చెకుముకి రాయి, తెల్లరాయి గళ్లుగళ్లుగా పేర్చిన కొత్త హాలు శనివారం సంత మైదానంలో ఈ రోజుకీ ఉంది. మార్జరీ కొడుకు డాన్‌జిగ్‌లో ఉండి అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. అతను లిన్‌లో చనిపోయాక, 1433లో అరవయ్యేళ్ల మార్జరీ కోడలికి తోడుగా సముద్రం దాటి డాన్‌జిగ్ వెళ్లింది.

ఎందుకు తగ్గింది: మూడు వాదనలు

ఇక చిక్కు ప్రశ్నకు వద్దాం.

మొదటిది పూడిక వాదన. లిన్ చుట్టూ ‘ఫెన్స్’ అనే విశాలమైన చిత్తడి నేలలు ఉన్నాయి. 17వ శతాబ్దంలో బెడ్‌ఫర్డ్ ప్రభువు, ఆయనతో పెట్టుబడి పెట్టినవాళ్లు వాటిని ఎండగట్టి సాగులోకి తెచ్చే పని చేపట్టారు. డచ్చి ఇంజినీరు కొర్నీలియస్ వెర్ముయిడెన్ 1651లో లిన్‌కు పైన డెన్వర్ దగ్గర నదికి అడ్డంగా తలుపుల కట్ట కట్టించాడు. లిన్ వర్తకులు గగ్గోలు పెట్టారు. వాళ్ల తర్కం ఇది. పోటు నీళ్లు ఒండ్రును లోపలికి తెస్తాయి. ఆటుతో తిరిగి పోయేటప్పుడు, పైనుంచి వచ్చే మంచినీళ్లతో కలిసి, ఆ ఒండ్రును తోసుకుని పోతాయి. కట్ట కడితే పోటు ఎక్కువ దూరం లోపలికి పోదు. లోపలికి పోయే నీళ్లు తగ్గితే తిరిగి వచ్చే నీళ్లూ తగ్గుతాయి. తోసే బలం చాలక ఒండ్రు రేవులోనే దిగిపోతుంది. పడవలవాళ్లకు కట్ట అడ్డం కూడా. 1713లో వరద, పోటు ఒత్తిడికి ఆ కట్ట కూలిపోయింది. పడవలవాళ్లకు అది మేలు, పొలాల వాళ్లకు కీడు. 1750 నాటికి మళ్లీ కట్టారు.

ఎండగట్టిన వాళ్ల వాదన ఇంకోలా ఉంది. తప్పు కట్టది కాదు, లిన్ దగ్గర నది మరీ వెడల్పై వంకర్లు తిరగడం వల్ల నీటి వేగం చచ్చిపోతోంది, నేరుగా కాలువ తవ్వితే నది తన అడుగును తానే శుభ్రం చేసుకుంటుంది అన్నారు. ఆ ‘ఓ బ్రింక్ కట్’కు 1795లో చట్టం వచ్చింది. తగాదాలు తెగక 1821లో గానీ తెరుచుకోలేదు. నీటి నడక గురించి ఇద్దరూ చెప్పింది సరైనదే, ఎవరి నష్టాన్ని వాళ్లు ముందు పెట్టారు.

అయితే ఈ వాదనకు ఒక ఇబ్బంది ఉంది. పూడిక గొడవ జోరుగా నడిచిన ఆ 18వ శతాబ్దంలోనే లిన్ వ్యాపారం బాగుంది. 1720ల్లో దేశమంతా తిరిగి రాసిన డేనియల్ డెఫో, లండన్‌ను మినహాయిస్తే లోపలికి ఇంత జలమార్గం ఉన్న రేవు ఇంకోటి లేదని, లిన్ వర్తకులు ఆరు కౌంటీలకు పూర్తిగా, మూడింటికి కొంతమేర సరుకు అందిస్తున్నారని రాశాడు. ఎండిన ఫెన్స్‌లో పండిన ధాన్యం కూడా లిన్ మీదుగానే ఎగుమతి అయింది. రేవును పూడ్చిందన్న పనే రేవుకు సరుకూ తెచ్చింది. 1683లో వాస్తుశిల్పి హెన్రీ బెల్ కట్టిన అందమైన వర్తక భవనం, తర్వాతి కాలపు కస్టమ్ హౌస్, ఆ రోజుల సంపదకు గుర్తు. 1989 దాకా కస్టమ్స్‌వాళ్లు అక్కడే పనిచేశారు. పసిఫిక్ తీరాన్ని సర్వే చేసిన, కెనడాలోని వాంకూవర్ నగరానికి పేరిచ్చిన జార్జ్ వాంకూవర్ 1757లో ఈ ఊళ్లోనే పుట్టాడు. ఆయన తండ్రి ఇక్కడి కస్టమ్స్ ఉద్యోగి.

రెండోది అట్లాంటిక్ వాదన. అమెరికా, వెస్టిండీస్ వ్యాపారం పెరిగాక తూర్పు తీరం కంటే పడమటి తీరానికి లాభం. బ్రిస్టల్, లివర్‌పూల్ పెరిగాయి. ఇంకా ముందే ఉన్ని స్థానంలో బట్ట ఎగుమతి పెరిగి, అది లండన్ చేతిలోకి పోయింది. ఇక్కడ తగ్గడం వేరు, వెనకబడటం వేరు అని గమనించాలి. నీ వ్యాపారం 100 నుంచి 150కి పెరిగి, పక్కవాడిది 100 నుంచి 1000కి పెరిగితే నువ్వు వెనకబడ్డావు, కానీ తగ్గలేదు. 17, 18 శతాబ్దాల్లో లిన్‌కు జరిగింది ఇదే. జాబితాలో స్థానం పడిపోయింది, ఊరు మాత్రం బతుకుతూనే ఉంది.

మూడోది రైలు. 1847లో లిన్ నుంచి ఈలీకి రైలు నడిచింది. అప్పటిదాకా న్యూకాసిల్ బొగ్గు ఓడలో లిన్‌కు వచ్చి, పడవల్లో కేంబ్రిడ్జ్, బెడ్‌ఫర్డ్‌లకు పోయేది. రైలు దారులు అల్లుకున్నాక బొగ్గు గనుల నుంచి నేరుగా ఆ ఊళ్లకే చేరింది. లిన్‌లో దిగాల్సిన పనే లేదు. ఇది వెనకబడటం కాదు, నిజమైన దెబ్బ. నది పూడినప్పుడు తవ్వుకోవచ్చు. వెనకటి ప్రాంతమే చేజారితే రేవు చేయగలిగింది తక్కువ. మూడింట్లో దీనికే ఎక్కువ బరువు ఇవ్వాలని నాకనిపిస్తుంది.

డాక్‌లు, నార్త్ ఎండ్ జాలర్లు

ఊరు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1869లో అలెగ్జాండ్రా డాక్, 1883లో బెంటింక్ డాక్ కట్టారు. డాక్ అంటే తలుపులున్న నీటి తొట్టి లాంటిది. పోటు మీద ఓడను లోపలికి తీసుకుని తలుపు మూస్తే, బయట నది ఆటుకు ఎండినా లోపల ఓడ తేలుతూనే ఉంటుంది. రైలు పట్టాలు డాక్ దాకా వేశారు. లిన్‌ను దెబ్బకొట్టిన రైలే ఇలా మళ్లీ కొంత సరుకు తెచ్చిపెట్టింది.

డాక్‌ల కోసం తవ్విన చోట ‘ఫిషర్ ఫ్లీట్’ అనే పాయ కొంత పోయింది. సెయింట్ నికొలస్ చాపెల్ చుట్టూ ఉన్న నార్త్ ఎండ్ జాలరి పేటకు ఆ పాయే గుమ్మం. వర్తకుల లిన్ వేరు, వీళ్ల లిన్ వేరు. ఇరుకు పెరళ్ల చుట్టూ కింద ఒక గది, పైన ఒక గది ఉన్న ఇళ్లు, వాటిలో పెద్ద కుటుంబాలు. వాష్ మేటల మీద గవ్వచేపలు, ఆల్చిప్పలు ఏరేవారు, రొయ్యలు పట్టేవారు. రొయ్యల్ని పడవ మీదే ఉడకబెట్టి తెచ్చేవారు. ఇంట్లో ఆడవాళ్లు మగవాళ్లకు బిగువైన ఉన్ని స్వెట్టర్లు అల్లేవారు. 20వ శతాబ్దంలో మురికివాడల పేరుతో ఆ పేటను దాదాపు మొత్తం కూల్చేశారు. ‘ట్రూస్ యార్డ్’ అనే పెరడు ఒక్కటి మిగిలి మ్యూజియం అయింది. గిల్డ్ హాళ్లను కాపాడుకున్నంత శ్రద్ధ ఈ ఇళ్ల మీద పెట్టకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఊరంతా కలిసే రోజు మాత్రం ఫిబ్రవరి 14. ఆ రోజు మంగళవారం సంత మైదానంలో ‘మార్ట్’ అనే జాతర మొదలవుతుంది. 19వ శతాబ్దంలో ఆవిరితో తిరిగే రంగులరాట్నాలు తయారుచేసి పేరు తెచ్చుకున్న ఫ్రెడరిక్ శావేజ్ ఈ ఊళ్లోనే ఉండి ఆ పని చేశాడు. తర్వాత మేయర్ కూడా అయ్యాడు.

పోటు ఊళ్లోకి వచ్చిన రాత్రి

రేవును బతికించిన పోటే ఊరిని ముంచగలదు. 1953 జనవరి 31న పున్నమి పోటుకు ఉత్తరపు తుపాను గాలి తోడైంది. ఉత్తర సముద్రం దక్షిణానికి వచ్చేకొద్దీ ఇరుకవుతుంది, లోతు తగ్గుతుంది. గాలి తోసిన నీటికి పోయే దారి లేక మట్టం లేచింది. వాష్ దాన్ని ఇంకా లోపలికి లాగింది. హన్‌స్టాంటన్ నుంచి లిన్‌కు బయల్దేరిన సాయంత్రపు రైలును నీళ్లలో కొట్టుకొచ్చిన ఒక ఇల్లు గుద్దింది. లిన్‌లో 15 మంది చనిపోయారు, ఇంగ్లండ్ మొత్తం మీద 307 మంది. సెయింట్ మార్గరెట్ చర్చి పడమటి గుమ్మం పక్కన రాతి మీద 1883, 1953, 1978 వరదల మట్టాలు చెక్కి ఉంటాయి. 1978 గీత 1953 గీత కంటే పైనే ఉంది. ఈ రెండు వరదల మధ్య గట్లు, హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడ్డాయి. నీటి ఎత్తుతో పాటు ఊరి సన్నద్ధత కూడా నష్టాన్ని నిర్ణయిస్తుందని ఆ గీతలు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు లిన్ ఏ రకం రేవు

లిన్‌ను ‘ఒకప్పటి రేవు’ అని రాసేవాళ్లు చాలామంది. అది సరికాదు. ధాన్యం, కలప, కంకర లాంటి సరుకుతో డాక్‌లు నడుస్తూనే ఉన్నాయి. బాల్టిక్ కలప ఇప్పటికీ వస్తోంది. కానీ వచ్చేవి చిన్న తీరపు ఓడలే. కంటెయినర్లతో నిండిన భారీ ఓడలు ఈ నదిలో పట్టవు, అవి దక్షిణాన ఫీలిక్స్‌టోకు పోతాయి. 1960ల్లో లండన్ జనాభాలో కొంత భాగాన్ని ఇక్కడికి తరలించే పథకం వచ్చి ఫ్యాక్టరీలు, కొత్త కాలనీలు పెరిగాయి. రేవు మీద బతికే ఊరు కాస్తా రేవు ఉన్న ఊరైంది. 2005లో పాత హాన్స్ పట్టణాల కొత్త సంఘంలో బ్రిటన్ నుంచి మొదటగా చేరింది లిన్నే. అయితే ఇప్పుడా సంఘం పని పర్యాటకం, సాంస్కృతిక సంబంధాలు.

ఈ మార్పు మంచిదా అన్నదానిపై రెండు మాటలు వినిపిస్తాయి. పాత గోదాములు, గిల్డ్ హాళ్లు చూడటానికి వచ్చే జనమే ఇక ఊరికి ఆధారమని కొందరు. చిన్నదైనా పనిచేసే రేవు ఉంటేనే ఆ కట్టడాలకు అర్థం అని ఇంకొందరు. రెండోవైపు వాదనకు ఖర్చు ఎక్కువ. వాష్‌లో ఇసుక మేటలు ఒకచోట ఉండవు. ఓడ దారి జరిగినప్పుడల్లా లోతు కొలిచి, దారి చూపే బోయాలను, అంటే నీటి మీద తేలే గుర్తులను, కొత్త చోటికి జరపాలి. ఆ పని కన్సర్వెన్సీ బోర్డు అనే సంస్థ చూసుకుంటుంది, ఓడను లోపలికి తెచ్చే పని ఈ నీటిదారి తెలిసిన ఓడ పైలట్లది. బయట ఓడలు ఇప్పటికీ పోటు కోసం ఆగాల్సిందే.